పులస పులుసు

గౌతమిలో ఎర్రనీరు దిగిందంటే యానాంలో ఏ ఇంట చూసినా ఒకటే ప్రసంగం: పులస పడిందా, ఎంత పలికింది? సముద్రంలో ఉన్నన్నాళ్ళూ దాన్ని ఇలస అంటాము. గ్రుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీది గోదావరిలో జొరబడ్డాక అదే పులస అవుతుంది. రెండూ ఒకటే జాతి అంటే మా ఊళ్ళో పెద్దవారు ఇప్పటికీ ఒప్పుకోరు. 1852లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పూర్తయ్యాక దాని పైప్రయాణానికి అక్కడే అడ్డు పడింది. ఇప్పుడు వలలకు చిక్కేవి మరీ తక్కువ. ఈమధ్య సంవత్సరాలలో ఇక్కడ ఒక్క చేప రూ. 20,000 దాటి పలకడం పత్రికలలో కూడా వచ్చింది. ఒడిశా నుంచి మంచులో వచ్చే ఇలసను పులస పేరిట అంటగట్టే మహానుభావులూ లేకపోలేదు.

నాబోటి గుమాస్తాకు ఇది తలకు మించిన వ్యవహారమే. కాని మా అమ్మకు 78 ఏళ్ళు, చూపు బాగా మందగించింది. "ఈ ఏడు ఒక్కసారి తినిపించరా" అని ఆవిడ నోట వచ్చాక లెక్కలు చూసుకోవడం బాగుండదు. ఇరుగుపొరుగు మూడిళ్ళవారం వాటాలు వేసుకొని కిలోన్నర చేప కొన్నాము. డబ్బు పంచుకోవడం తేలికే; జన ఎవరికన్న దగ్గర చిక్కు వచ్చింది. చివరకు పెద్దావిడ అని అమ్మకే వదిలేశారు.

మా ఆవిడ పుట్టిల్లు బరంపురం. వాళ్ళింట్లో ఒడియావారి పద్ధతిలో ఈ చేపకు ఆవముద్ద పట్టిస్తారు. పులసకు ఆవ పెట్టడం గోదావరికే అపచారమని అమ్మ వాదం. ఇరవై ఏళ్ళుగా పులస చట్టి దగ్గరకు కోడలిని రానివ్వలేదు. ఈసారి మాత్రం పీట వేసుకు కూర్చొని నోటితోనే వండించింది.

ముక్కలు పదేపదే కడిగితే కొవ్వు పోతుందట. మట్టిచట్టిలో పప్పునూనె కాచి, ఉల్లిముద్ద, చీల్చిన పచ్చిమిరపకాయలు వేయించి, పసుపు, కారం, ఉప్పు వేసి, పాత చింతపండు పులుసు పోయాలి. అది తెర్లిన తరువాత ముక్కలు పరచి బెండకాయలు వేయాలి. ఆపైన గరిటె పెట్టరాదు. చట్టి అంచును గుడ్డతో పట్టి తిప్పవలసిందే. సెగ సన్నగా ఉండాలి. పులుపులో నెమ్మదిగా ఉడికితేనే సన్నముళ్ళు మెత్తబడతాయి. అమ్మకు చట్టి ఆనదు గనుక చెవి ఒగ్గి కూర్చుంది. చాలాసేపటికి, "అమ్మాయీ, చప్పుడు చిక్కబడింది, వెన్న వెయ్యి" అన్నది. మూత తీస్తే నూనె పైకి తేలి ఉంది! మా ఆవిడ నా వంక చూసింది.

పులస పులుసు మర్నాడే తినాలి. అందుచేత ఆ రాత్రి చారన్నంతో సరి. పిల్లలు రెండుసార్లు మూత ఎత్తబోయి చీవాట్లు తిన్నారు. మర్నాడు నేను ముళ్ళు తీసిపెట్టబోతే అమ్మ నా చెయ్యి తోసేసింది. వ్రేళ్ళతో తడుముకుంటూ ఒక్కొక్క ముల్లూ తీసి కంచం అంచున వరుసగా పెట్టుకుంది. జనలో సగం త్రుంచి కోడలి కంచంలో వేసి, "ఉప్పు రవ్వంత తగ్గింది. వచ్చే ఏడు ఒక ముక్క మీ ఆవ పెట్టి చెయ్యి, అదీ చూద్దాం" అన్నది.