లెన్స్ ఎర్రర్

9 జులై 2024, మంగళవారం, తెల్లాపూర్

మేనకోడలు వాళ్ల నాన్న పాత డిజిటల్ కెమెరా పట్టుకొచ్చింది. రెండు పెన్సిల్ సెల్స్ వేసుకునే రకం, 2005 నాటిది. లాల్‌దర్వాజ బోనాలు దీంతోనే తీస్తుందట. "ఫోన్ ఫొటోలు మరీ నున్నగా ఉంటున్నాయి మామయ్యా, ఇప్పుడు మా ఆఫీసులో అందరూ ఇవే వెతుక్కుంటున్నారు" అంటుంది. 2010లో ఒక్క ఏడాదిలో ఇలాంటివి పది కోట్లకు పైగా మార్కెట్‌కి వెళ్లాయి. ఇప్పుడు అల్మారాల అడుగున వెతుక్కోవాలి.

ఆన్ చేస్తే లెన్సు సగం బయటికొచ్చి గుర్రుమని ఆగిపోతోంది. తెర మీద ‘లెన్స్ ఎర్రర్’. ఏదో షాపులో చూపిస్తే లెన్స్ యూనిట్ మార్చాలి, పార్టులు రావు అన్నారట. బీహెచ్‌ఈఎల్‌లో ప్యానెల్ మొరాయిస్తే మేం ముందు సప్లై చూసేవాళ్లం, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్. మూత తీసి చూద్దును కదా, గోడగడియారానికి వేసే చవక సెల్స్! మీటరు పెడితే 1.5 వోల్టులు చూపిస్తాయి గానీ లెన్సు మోటారు ఒక్కసారిగా లాగేసరికి వోల్టేజీ కూలిపోతుంది. మోటారు మధ్యలో ఆగితే కెమెరా నేరం లెన్సు మీదికి నెట్టేస్తుంది. రీఛార్జబుల్ నికెల్ సెల్స్ మీద 1.2 అనే రాసి ఉంటుంది, అయినా ఆ లాగుడుకు అవే నిలబడతాయి. రెండు ఛార్జింగుకు పెట్టాను. స్ప్రింగుల మీది పచ్చటి చిలుమును వెనిగర్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, ఆరబెట్టాను.

10 జులై, బుధవారం

లెన్సు పూర్తిగా వచ్చింది. లోపలికి పోయేటప్పుడు మాత్రం కరకర. ఉస్మాన్‌నగర్ దాకా క్రేన్లు, కింద కాంక్రీటు లారీలు. మా బాల్కనీ పొద్దున తుడిస్తే సాయంత్రానికి బూడిదరంగు. సిమెంటు ధూళే అనుకుని లెన్సును నేలవైపు తిప్పి, గొట్టాల సందు చుట్టూ రబ్బరు బ్లోయర్‌తో కొట్టాను. (నోటితో ఊదితే తుంపర పడి ధూళి ముద్దకడుతుంది.) పేపరు మీద రాలింది ఇసుక. బావనడిగితే, "విశాఖ వెళ్లాం కదా, ఆర్‌కే బీచ్" అన్నాడు నవ్వుతూ. కరకర పోయింది.

మొదటి ఫొటోలో రంగులు సరిగ్గానే ఉన్నాయి. ఆ కాలపు కెమెరాలంటే నాకు సెన్సరు భయం. సోనీ చేసిన కొన్ని సీసీడీల్లో వేడికీ తేమకూ లోపలి కనెక్షన్ ఊడి, బొమ్మ ఊదారంగుకు తిరగడమో, అసలు రాకపోవడమో జరుగుతోందని 2005లో బయటపడింది. చాలా కంపెనీలు ఉచితంగా మార్చాయి. ఆ జబ్బయితే మన చేతిలో ఏమీ లేదు.

14 జులై, ఆదివారం

కొత్త 64 జీబీ కార్డు తెచ్చి పెడితే కార్డ్ ఎర్రర్. పెట్టకూడదని కాదు, దీనికి అర్థం కాదు. 2 జీబీ దాటిన కార్డులకు ఎస్‌డీహెచ్‌సీ పద్ధతి 2006లో వచ్చింది, 32 దాటినవాటికి ఇంకా తర్వాత. ఇది అంతకు ముందు పుట్టింది. ఆకారం ఒకటే కాబట్టి దూరుతుంది, అంతే.

పాత కార్డు పెడితే ‘ఫొటోలు లేవు’ అంది. "ఫార్మాట్ చేసేయనా?" అని పిల్ల వేలు బటన్ మీద పెట్టింది. గబుక్కున లాక్కున్నాను. కెమెరాకు కనిపించనంత మాత్రాన పోయినట్టు కాదు. చెడింది చాలాసార్లు పేర్ల జాబితా మాత్రమే, బొమ్మలు అక్కడే ఉంటాయి. వాటి మీద కొత్తవి తీస్తేనే నిజంగా పోతాయి. కార్డు పక్కన ఉండే లాక్ పుల్ల దించి నా పాత కంప్యూటర్‌లో పెట్టాను. తన ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అయితే యూఎస్‌బీ పనిచేయదు, పైగా సెక్యూరిటీ వాళ్లకు సంజాయిషీ చెప్పుకోవాలి. మొత్తం కార్డుకు నకలు తీసి, ఆ నకలు మీద ఫొటోరెక్ నడిపాను. డబ్బులు కట్టక్కర్లేని ప్రోగ్రాం, క్రిస్టోఫ్ గ్రెనియర్ రాసింది.

యూకేజీ వార్షికోత్సవం, విశాఖ, గృహప్రవేశం, అన్నీ లేచొచ్చాయి. పేర్లు పోయి అంకెలు మిగిలాయి. తేదీలు చూస్తే అన్నిటికీ 1 జనవరి 2005! సెల్స్ తీసినప్పుడల్లా గడియారం మొదటికొచ్చేదన్నమాట. ఏది ముందో ఏది వెనకో పిల్ల గౌన్లను బట్టి అక్క చెబుతోంది, బావ ఒప్పుకోవడం లేదు. భోజనాల దాకా ఇదే గొడవ.

27 జులై, శనివారం

చినుకుల్లో రాత్రి ఫ్లాష్‌తో తీసినవాటి నిండా తెల్లటి గుండ్రాలు. లెన్సులో బూజు అనుకుని పిల్ల కంగారుపడింది. ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది, ముందున్న చినుకు మీద వెలుగు పడి తిరిగొస్తుంది. సాంబ్రాణి పొగలోనూ ఇంతే, ఫ్లాష్ తీసెయ్యమన్నాను. బోనాల్లో పోతురాజు గెంతే క్షణం దొరకాలంటే బటన్ సగం నొక్కి ముందే ఫోకస్ పట్టుకుని ఉండాలి, లేకపోతే ఈ కెమెరా తేరుకునేలోపు ఆయన ఫ్రేము దాటిపోతాడు. ఏసీ కారులోంచి దిగగానే తీయొద్దు, అద్దానికి ఆవిరి పడుతుంది.

గడియారపు బ్యాటరీ లోపల సోల్డర్ చేసి ఉంది. విప్పాలంటే ఫ్లాష్ కెపాసిటర్ పక్కనుంచే చెయ్యి పోవాలి, ఆఫ్ చేసినా అందులో వందల వోల్టులు మిగిలి ఉంటాయి. ప్రస్తుతానికి సెల్స్ మార్చినప్పుడల్లా తేదీ చేత్తో పెట్టుకోమన్నాను. పెట్టుకుంటుందన్న నమ్మకం లేదు.