కుట్టు మిషన్ల వీధిలో



అమెరికా అనగానే మన గ్రామాలలో చాలామందికి ఎత్తైన మేడలు, విశాలమైన రోడ్లు, కంప్యూటరు ఉద్యోగాలు గుర్తుకు వస్తాయి. అక్కడికి వెళ్ళివచ్చినవారు కూడా ఎక్కువగా వాటిని గురించే చెబుతారు. అయితే అదే దేశంలో తెల్లవారి మొదలు చీకటి పడేవరకు కుట్టు మిషను ముందు వంగి కూర్చుని, ముక్క లెక్కన కూలి పుచ్చుకునే వేలాదిమంది ఉన్నారని మనలో కొద్దిమందికే తెలుసు. 2023 అక్టోబరు నెలలో అక్కడి తెలుగు సహవాసంవారి ఆహ్వానం మీద మేము లాస్ ఏంజెల్స్ నగరానికి వెళ్ళినప్పుడు, ఆ మనుషులు పనిచేసే వీధులను చూచే అవకాశం కలిగింది. అక్కడ చూచినవి, విన్నవి మీతో పంచుకోవడం మా బాధ్యత అని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

వంద బ్లాకుల బజారు

నగరం నడిబొడ్డుకు ఆనుకొని సుమారు వంద బ్లాకుల మేర బట్టల పేట ఒకటి ఉన్నది. ఫ్యాషన్ డిస్ట్రిక్టు అని దాని పేరు. ఒక వీధి నిండా తానుల కొట్లు, మరొక వీధిలో గుండీలు, జిప్పులు, లేసులు. పదిహేనవ పుట్టినరోజున ఆడపిల్లలకు వేసే పెద్ద పెద్ద గౌన్లను అద్దాల వెనుక నిలబెట్టిన దుకాణాలు వరుసగా కనిపిస్తాయి. మెక్సికో, మధ్య అమెరికా దేశాలవారికి అది మన ఓణీల ఫంక్షన్ వంటి వేడుక అట.

శాంటీ వీధికి, మేపుల్ అవెన్యూకు నడుమ శాంటీ ఆలీ అనే సందు ఉన్నది. నూట యాభైకి పైగా చిన్న అంగళ్ళు అక్కడ కిక్కిరిసి ఉంటాయి. కేకలు వేసి పిలిచేవారు, బేరమాడేవారు, పళ్ళముక్కల మీద కారం చల్లి అమ్మే బండ్లవారు. భాష స్పానిష్ అయినా, విజయవాడ వస్త్రలతకో, హైదరాబాదు సుల్తాన్ బజారుకో వచ్చినట్లే మాకు తోచింది. మాతో వచ్చిన సహోదరుడు నవ్వి, "అయ్యగారూ, క్రిందనే చూస్తున్నారు, ఒకసారి పైకి చూడండి" అన్నాడు. తలెత్తి చూస్తే పాతకాలపు ఎత్తైన కట్టడాలు కనిపించాయి. మూసిన కిటికీల వెనుక నుండి మిషన్ల రొద సన్నగా వినిపిస్తున్నది.

మేడమీది కార్ఖానా

ఆ సహోదరునికి పరిచయస్థుడైన ఒక చిన్న కార్ఖానా యజమాని మమ్మును పది నిమిషాలు లోపలికి రానిచ్చాడు. సరుకులు మోసే లిఫ్టులో పైకి వెళ్ళాము. పొడవాటి గదిలో నలభై మిషన్లు ఉంటాయేమో. గాలి సరిగా ఆడదు. దారపు పీచు, గుడ్డ నూగు నేలమీద పేరుకొని ఉన్నది. ముఖాలకు గుడ్డలు కట్టుకొని స్త్రీలు, పురుషులు కుట్టుచున్నారు. ఎవరూ తలెత్తలేదు.

మన ఊరి టైలరు కొలత తీసుకోవడం మొదలు గుండీ కుట్టేవరకు చొక్కా పనంతా తానే చేస్తాడు. అక్కడ అలా కాదు. వేరొకచోట కత్తిరించిన ముక్కలు కట్టలుగా వస్తాయి. ఒకరు కాలరు అతికితే ఒకరు చేతులు కుడతారు, ఇంకొకరు అంచు మడుస్తారు, చివరకు మరొకరు దారాలు తెంపుతారు. కాలరు కుట్టేవాడికి రోజంతా కాలర్లే. ఒక్కొక్క పనికి కొన్ని సెంట్లు. అంటే డాలరులో నూరవ వంతులు కొన్ని.

యజమాని కూడా కొరియా నుండి వలస వచ్చినవాడే. అతడు కఠినుడుగా మాకు కనిపించలేదు. "పెద్ద కంపెనీ ఒక గౌనుకు ఇంత అని రేటు చెబుతుంది. అద్దె, కరెంటు, కూలి అన్నీ అందులోనే. నేను కాదంటే ప్రక్క మేడలోనివాడు ఔనంటాడు" అన్నాడు. పెద్ద కంపెనీ క్రింద కాంట్రాక్టరు, వాని క్రింద చిన్న కాంట్రాక్టరు, అందరికంటే క్రింద కుట్టేవాడు. పైన తగ్గించిన ప్రతి సెంటూ చివరకు వాని మీదనే పడుతుంది.

చట్టం ఉన్నది గాని

ఈ ముక్క కూలి పద్ధతిని కాలిఫోర్నియా రాష్ట్రం చూస్తూ ఊరుకోలేదు. 2021 సెప్టెంబరులో గవర్నరు సంతకం చేసిన చట్టం 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చింది. దాని ప్రకారం యూనియను ఒప్పందం ఉన్నచోట తప్ప ముక్క లెక్కన కూలి ఇవ్వరాదు, గంటల లెక్కన కనీస వేతనం ఇవ్వాలి. కూలి ఎగ్గొడితే కుట్టించిన పెద్ద కంపెనీ కూడా జవాబు చెప్పాలి. ఆ చట్టం కోసం నిలబడినవారిలో ఆ కుట్టుపనివారే ముందున్నారు. 2001లో మొదలైన గార్మెంట్ వర్కర్ సెంటర్ అనే సంస్థ వారిని కూడగట్టింది.

అయితే కేంద్ర కార్మిక శాఖవారు 2022లో దక్షిణ కాలిఫోర్నియాలోని కార్ఖానాలను తనిఖీ చేయగా, చూచిన కాంట్రాక్టర్లలో 80 శాతం మంది వేతన చట్టాన్ని మీరినట్లు తేలింది. ఒకచోట గంటకు 1 డాలరు 58 సెంట్లు మాత్రమే చెల్లిస్తున్నారు. ఆ సంవత్సరం ఆ రాష్ట్రంలో పెద్ద సంస్థలకు కనీస వేతనం గంటకు 15 డాలర్లు.

మరి వీరు ఎందుకు ఫిర్యాదు చేయరు? చాలామంది మెక్సికో నుండి, గ్వాటెమాల నుండి కాగితాలు లేకుండా వచ్చినవారు. ఫిర్యాదు చేస్తే పని పోతుంది, తమను దేశం నుండే పంపివేస్తారని భయం. గ్వాటెమాల కొండప్రాంతాల నుండి వచ్చినవారిలో కొందరికి స్పానిష్ కూడా సొంతభాష కాదు. వారి ఇంటిభాష క్విచే. తరతరాలుగా మగ్గం నేర్చినవారి బిడ్డలు పరాయి మేడలో లేబుళ్ళు అతుకుతున్నారు.

ఎల్ మాంటెలో జరిగినది

నగరానికి తూర్పుగా సుమారు ఇరవై కిలోమీటర్ల దూరాన ఎల్ మాంటె అనే ఊరున్నది. 1995 ఆగస్టు 2 తెల్లవారుజామున అధికారులు అక్కడి ఒక ఇండ్ల సముదాయం మీద దాడి చేశారు. చుట్టూ ముళ్ళతీగ. లోపల థాయిలాండ్ దేశపు కార్మికులు 72 మంది, వారిలో ఎక్కువమంది స్త్రీలు. మంచి జీతమని చెప్పి తెచ్చి, పాస్‌పోర్టులు లాగుకొని, ప్రయాణపు ఖర్చులు అప్పుగా వ్రాసి, కాపలా పెట్టి కుట్టించారు. కొందరు ఏండ్ల తరబడి ఆ గోడల మధ్యనే ఉన్నారు. పారిపోతే ఊరిలోని మీ వారికి హాని చేస్తామని బెదిరించారు. సబ్బు, బియ్యం కూడా వారి వద్దనే హెచ్చు ధరకు కొనాలి. వారు కుట్టిన బట్టలు మాత్రం పేరున్న దుకాణాలలో అమ్ముడయ్యాయి.

విడుదలైన తరువాత వారు ఊరకుండలేదు. తమను బంధించినవారి మీదనే గాక, ఆ బట్టలు అమ్ముకున్న కంపెనీల మీద కూడా దావా వేశారు. జూలీ సు అనే యువ న్యాయవాది వారి పక్షాన నిలిచింది. చివరకు 40 లక్షల డాలర్లకు పైగా పరిహారం వచ్చింది. కుట్టినవాడు ఎవడో మాకు తెలియదు అనే మాట చెల్లదని ఆ దావా చూపింది.

ఒక చిన్న ఆరాధనశాలలో

ఆదివారం సాయంకాలం, దుకాణపు గదినే అద్దెకు తీసుకొని నడుపుతున్న ఒక స్పానిష్ సంఘానికి మమ్మును తీసుకొని వెళ్ళారు. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక గిటారు, వెనుక వరుసలో నిద్రపోతున్న పసిబిడ్డలు. అచ్చం మన పల్లె సంఘమే. ఆరాధన తరువాత యాభై యేండ్ల తల్లి ఒకామె మాట్లాడింది. ఒక చిన్నవాడు మాకు అర్థం చెప్పాడు.

"పద్దెనిమిది సంవత్సరాలుగా కుడుతున్నాను. మా అమ్మ చనిపోయినప్పుడు వెళ్ళలేకపోయాను, వెళితే తిరిగి రాలేను గనుక. పిల్లలిద్దరిని చదివించాను" అన్నది. ఆమె వ్రేళ్ళు తిన్నగా చాపలేకపోతున్నది. ఒక కాంట్రాక్టరు మూడు వారాల కూలి ఇవ్వకుండా రాత్రికి రాత్రే మిషన్లు ఎత్తుకొని పోయాడట. "అప్పుడేమి చేశారమ్మా?" అని అడిగితే, "మరునాడు ఇంకొక మేడ ఎక్కాను" అన్నది. కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇచ్చివేయాలన్న మోషే ధర్మశాస్త్రపు ఆజ్ఞను మనము ఎన్నిసార్లు చదివియుంటాము! ఆమె ముందు కూర్చున్నప్పుడు అది ఎంత బరువైన మాటో మాకు తెలిసింది.

మేము తిరిగివచ్చిన తరువాత, 2025 జూన్ 6న ఆ బట్టల పేటలోనే కేంద్ర అధికారులు వచ్చి అనేకమంది పనివారిని పట్టుకొని వెళ్ళారు. ఆ తరువాతి దినాలలో జనం రాక ఆ సందులు బోసిపోయాయని, చాలామంది పనికి వెళ్ళడానికే భయపడ్డారని వార్తలు చదివాము. ఆ తల్లి సంగతి తెలుసుకోవాలని మా సహోదరునికి ఫోను చేశాము. కొన్ని వారాలు ఆమె గడప దాటలేదని, సంఘంవారే బియ్యం, పప్పులు ఇంటికి చేర్చారని చెప్పాడు.

మనకు సంబంధించిన మాట

ఇది ఎక్కడో జరిగిన కథ కాదు. కరీంనగరు, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతాల నుండి మన బిడ్డలు కూడా అప్పుచేసి గల్ఫ్ దేశాలకు వెళ్ళుచున్నారు. పాస్‌పోర్టు యజమాని చేతిలో చిక్కినవారి కన్నీరు మన సంఘాలలోనూ ఉన్నది. గనుక మీ ఇంటినుండి ఎవరైనా బయలుదేరినప్పుడు, ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదైనవాడో కాదో విచారించండి. ఒప్పంద పత్రాన్ని చదువు వచ్చినవారిచేత చదివించుకొనండి. పాస్‌పోర్టు, వీసా నకళ్ళు ఇంటిలో దాచిపెట్టండి. వెళ్ళినవారి గురించి నెలనెలా విచారించే బాధ్యత సంఘం తీసుకుంటే ఎంత మేలు!

ఇంకొక్క సంగతి. డిసెంబరు వచ్చేసరికి మనమందరం క్రిస్మస్‌కు క్రొత్త బట్టలు కుట్టిస్తాము. మన వీధిలోని టైలరు, ఫాల్స్ కుట్టే అక్క, కాజాలు తీసే పిల్లవాడు రాత్రులు మేలుకొని పనిచేస్తారు. పండుగ వెళ్ళిన తరువాత ఇస్తాములే అని మనము బట్టలు పట్టుకొని పోతాము. సంక్రాంతి దాటినా కొందరి బాకీ తీరదు. లాస్ ఏంజెల్స్ కంపెనీలను సరిచేయడం మన చేతిలో లేదు. మన టైలరు కూలి మాత్రం మన చేతిలోనే ఉన్నది. ఈ సంవత్సరం బట్టలు తీసుకొనే రోజునే ఆ కూలి చెల్లించుదము.