ఉంగరం వేసుకున్న చుట్ట

చూడ్డానికి బాగుంటుంది, అందులో అనుమానం లేదు. నల్లగా నిగనిగలాడే పెట్టెలో పదంటే పదే ఉంటాయి. పొడవు 119 మిల్లీమీటర్లు, బొటనవేలంత లావు. తల దగ్గర ఆకుని మెలిపెట్టి చిన్న పిలకలా వదిలారు. నడుముకి కాగితం పట్టీ, దాని మీద కదిపితే మెరిసే హోలోగ్రామ్. స్పానిష్‌లో ఆ పట్టీని ఉంగరం అనే మాటతోనే పిలుస్తారట. దీని పేరు కోహిబా బెహీకె 52. ఒక్కదాని డబ్బుతో మా ఇంట్లో రెండు నెలల సరుకులు వస్తాయి.

దుబాయ్‌లో ఉండే మా పెద్దనాన్నగారి అబ్బాయి, కొడుకు బారసాలకి వస్తూ ఈ పెట్టె తెచ్చాడు. భోజనాలయ్యాక మగవాళ్లందరూ డాబా మీదికి చేరారు. "నాకూ ఒకటియ్యి అన్నయ్యా" అన్నాను. "నీకెందుకే? బావ కోసం పట్టుకెళ్తావా?" అన్నాడు. బావకి పొగ పడదు, నాకే అన్నాను. నవ్వేసి ఇచ్చాడు. "ఇంత ధర చేస్తుందో లేదో చూసి చెప్పు. ఇదీ పరిశోధనే కదా!" అని కూడా అన్నాడు. వేళాకోళంగానే అన్నాడు కానీ ప్రశ్న మంచిదే.

ధరకి వాళ్లు చెప్పే కారణాలు కొన్ని నిజమే. ఈ పొగాకు క్యూబాలో పినార్ దెల్ రియో వైపు పండుతుంది. పైన చుట్టే ఆకుని గుడ్డ పందిళ్ల నీడలో పెంచుతారు. లోపలి ఆకులకి ఎండ కావాలి. మొక్క చిటారున ఒక్కోసారి మాత్రమే వచ్చే రెండు చిన్న ఆకులుంటాయి, మెదియో తియెంపో అంటారు. అన్ని మొక్కలకీ రావు. 2010లో అమ్మకానికి వచ్చిన ఈ బెహీకె వరసలో ఆ ఆకు కలుస్తుంది. కోహిబా కోసం కొన్ని ఆకుల్ని మూడోసారి కూడా పులియబెడతారు. ఇదంతా ఓపికతో, చేత్తో చేసే పని, దానికి ఖర్చవుతుంది. కానీ 2022లో కంపెనీ ఈ రకం ధరల్ని ప్రపంచమంతా ఒకే స్థాయికి తెచ్చినప్పుడు చాలా దేశాల్లో అవి ఒక్కసారిగా ఎగిరిపోయాయి. ఆకు అదే, చేతులవే. కాబట్టి ఆ పెరిగిన సొమ్ముని పులియబెట్టడం ఖాతాలో రాయలేం. పనిలో పనిగా ఇంకొకటి: అద్దం మూత ఉన్న పెట్టెలో కోహిబా అని ఎవరైనా చూపిస్తే అది నకిలీదని తెలుసుకోండి. అసలువి అలాంటి పెట్టెల్లో రావు.

నన్ను ఎక్కువ పట్టుకున్నది ఆ చేతుల సంగతి. క్యూబాలో చాలాకాలం ఆకు మధ్య ఈనె లాగేయడం ఆడవాళ్ల పని, చుట్టడం మగవాళ్ల విద్య. విద్యకి కూలీ ఎక్కువ, ఈనెకి తక్కువ. కోహిబా 1966లో మొదలైంది, ముందు కాస్ట్రో కోసం, ఆయన విదేశీ అతిథులకిచ్చే కానుకల కోసం. హవానాలో ఎల్ లగితో అనే పాత భవంతిలో దాన్ని చుట్టడానికి ఆడవాళ్లని పెట్టారు. 2006లో బెహీకె పేరుతో తొలిసారి చేసిన 4,000 చుట్టల్నీ నోర్మా ఫెర్నాండెజ్ అనే ఒక్క స్త్రీయే చుట్టింది. కాస్ట్రో 1985లోనే పొగ మానేశాడు. ఆ చేతులు మానలేదు.

ఇన్ని చేతుల్నీ పక్కన పెట్టి ప్రపంచం మొత్తం ఒక కట్టుకథని నమ్ముతుంది. హవానా చుట్టల్ని కన్నెపిల్లలు తమ తొడల మీద చుడతారని! నిజానికి చుట్టేది బల్ల మీద, చెక్కపలక మీద, వంగిన కత్తి చేతబట్టుకుని. ఆకుల్ని ఒళ్లో పరచుకుని వేరుచేసే ఆడవాళ్లని చూసిన కళ్లు మిగతాది ఊహించుకుని ఉంటాయి. మెరిమే 1845లో రాసిన 'కార్మెన్' నాయిక సెవిల్ చుట్టల ఫ్యాక్టరీలో కూలిమనిషి. చదివినవాళ్లకి ఆమె తుంటి గుర్తుంటుంది, కూలి గుర్తుండదు. మన దేశంలో పత్రికా విలేకరిగా ఉన్న రోజుల్లో కిప్లింగ్ ఒక పద్యం రాశాడు. కాబోయే భార్య 'నేను కావాలా, చుట్టలు కావాలా' అంటే కథానాయకుడు లెక్కలేసి చుట్టల వైపే మొగ్గుతాడు. సరదా పద్యమట. సాహిత్యంలో డాక్టరేటు చేసినందుకు ఇలాంటి సరదాలు చాలా చదవాల్సొచ్చింది.

అయితే ఆ ఫ్యాక్టరీల్లో నాకు అసూయ పుట్టించేది కూడా ఒకటుంది. 1865 నుంచి హవానాలో, చుట్టేవాళ్లు పని చేసుకుంటూ ఉంటే ఒక మనిషి పీట మీద కూర్చుని పైకి చదివేవాడు. పొద్దున పేపరు, తర్వాత నవల. ఏ నవల చదవాలో పనివాళ్లే తేల్చుకునేవారు, చదివే మనిషికి తమ కూలి డబ్బుల్లోంచే ఇచ్చుకునేవారు. మోంతెక్రిస్తో అనే చుట్టకి ఆ పేరు డ్యూమా నవల నుంచి వచ్చింది. పోర్టోరికోలో ఈ చదివే పని చేసినవాళ్లలో లూయిసా కాపెతియో ఒకతె. స్త్రీల హక్కుల మీద 1911లో పుస్తకం వేసింది. 1915లో హవానా వీధిలో ప్యాంటు వేసుకుని నడిచినందుకు పోలీసులు పట్టుకున్నారు. ప్యాంటు ఆరోగ్యానికి మంచిదని ఆమె కోర్టులో వాదించింది, జడ్జి వదిలిపెట్టాడు. పొగాకు చరిత్రలు రాసేవాళ్లు ఈమెకి ఒక్క పేజీ ఇస్తే గొప్ప.

ఇక కాల్చి చూశాను. ఒక స్నేహితురాలు తోడుంది. పోల్చడానికి రాజమండ్రి నుంచి లంక పొగాకు చుట్టలు కూడా తెప్పించాను. పిలక కింద బ్లేడుతో కోసి, అగ్గిపుల్ల మంట తగలీ తగలకుండా తిప్పుతూ అంటించాం. గుండెల్లోకి పీల్చకూడదు, నోట్లోనే తిప్పి వదిలేయాలి. మొదటి అంగుళం నిజంగా బాగుంది. అప్పుడే వేయించి దంచిన కాఫీ గింజ, తడిసిన ఎండుగడ్డి, అడుగంటబోతున్న బెల్లం పాకం లాంటి వాసనలు. లాగుతుంటే ఎక్కడా బిగుసుకోలేదు. నిప్పు ఒక పక్కకి పోకుండా చక్కగా గుండ్రంగా దిగింది. బూడిద అంగుళం పైన రాలకుండా నిలబడింది. అది చుట్టినామె చేతి పని, దానికి నేను నూటికి నూరు మార్కులు వేస్తాను. సగం దాటాక మిరియపు ఘాటు, ఆఖరున చేదు. గంట గడవకముందే ఆర్పేశాం. లంక చుట్ట మొరటుది, మొదటి దమ్ములోనే కళ్లనీళ్లు తెప్పిస్తుంది, నిప్పు కూడా వంకరగా దిగుతుంది. బెహీకె దానికంటే మేలా అంటే మేలే. ఎన్ని రెట్లు? రెండు రెట్లనండి, మూడనండి. పట్టీ తీసేసి ఇస్తే ఇంత డబ్బు ఎవరూ పెట్టరు. ఇది నా తీర్పు.

ధర సంగతి అక్కడితో సరి. తాగడానికి తగునా అన్నది వేరే లెక్క, అది మా నాయనమ్మతో తేలాలి.

మాది శ్రీకాకుళం తీరం వైపు ఊరు. నాయనమ్మ అడ్డపొగ కాల్చేది, అంటే అంటించిన కొస నోటి లోపల పెట్టుకుని. చూడనివాళ్లు నమ్మరు. ఎందుకలా అని చిన్నప్పుడు అడిగితే, "గాలికారిపోదు, బూడిద కూట్లో రాలదు, రెండు సేతులూ కాళీగుంటాయే" అంది. నాట్లేస్తూ, కుప్పనూరుస్తూ, పిల్లని చంకనేసుకుని కాల్చేందుకు కనిపెట్టిన పద్ధతి. తీరిక లేని మనిషి పొగ తాగే తీరు అది. గంటసేపు ఏ పనీ లేకుండా కూర్చుంటే తప్ప బెహీకె తాగలేం. కొడుకులు ఉద్యోగాల్లో కుదురుకున్నాక ఆ చుట్ట మా ఇంటికి నామోషీ అయింది. అత్తని చూడ్డానికి పెళ్లివారు వచ్చిన రోజు నాయనమ్మని పశువుల సాల వెనక కూర్చోబెట్టారు. డాబా మీద ఆ పెట్టె విప్పింది ఆ ఇంట్లోనే. అక్కడ చేరిన వాళ్లలో నలుగురు ఆమె మనవలు.

2003లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఆమె అంగిలి మీద పుండు మానలేదు. విశాఖ తీసుకెళ్లేసరికి ముదిరిపోయింది. ఏడు నెలలు గంజి నీళ్ల మీద ఉంది. అడ్డపొగ సంగతి డాక్టర్లకి కొత్త కాదు. 1971లోనే, పింద్‌బోర్గ్ అనే డేనిష్ వైద్యుడు, మన దేశపు డాక్టర్లు కలిసి ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది పల్లెవాసుల అంగిళ్లు చూసి ప్రచురించారు. నిప్పూ పొగా నేరుగా అంగిలికి తగిలితే ఏమవుతుందో అందులో ఉంది. ఆ కాగితం మా ఊరి సాల వెనకదాకా రావడానికి ముప్ఫై ఏళ్లు చాలలేదు. 'కన్యాశుల్కం'లో గిరీశం దగ్గర వెంకటేశం నేర్చుకున్న ముఖ్య విద్య చుట్ట కాల్చడం, మనం నవ్వుకుంటూ క్లాసుల్లో పాఠం చెబుతాం. నాయనమ్మ చుట్ట మీద మాత్రం మన సాహిత్యం కంటే వైద్య పత్రికలే ఎక్కువ రాశాయి.

హోలోగ్రామ్ ఉన్నంత మాత్రాన పొగ అంగిలిని వదిలిపెట్టదు. గుండెల్లోకి పీల్చకపోయినా చుట్ట పొగ నోటికి క్యాన్సర్ తెస్తుంది. ధర ఎక్కువైతే తగ్గేదేమీ లేదు. అందుకని అన్నయ్యకి ఫోన్లో చెప్పాను, పనితనం చూడ్డానికి ఒకటి కోసి చూడు, తాగడానికి వద్దు అని. "నువ్వు తాగావుగా" అన్నాడు. నాయనమ్మ పేరెత్తాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పిల్లాడి టీకాల సంగతికి పోయాడు.

ఆ తొడల కథ చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే మా నాయనమ్మ నిజంగానే తొడ మీద చుట్టుకునేది. కార్తీకమాసంలో దీపాలకి వత్తులు చేసినట్టే, చీర మోకాలి పైకి జరుపుకుని, అరచేత్తో ఒక్క రాపిడి, రెండో రాపిడి, అంతే. ఎవరి కోసమూ కాదు, తన కోసమే. ఆకు కూడా తనే కొనుక్కునేది, సంతలో. కట్ట విప్పించి, మధ్యలోంచి ఒక ఆకు లాగి, ఈనె విరిచి చెవి దగ్గర పెట్టుకుని వినేది, తర్వాత ముక్కు దగ్గర. "తడారనేదు" అని సగం ధర చెప్పేది. కొట్టువాడు ఒప్పుకోకపోతే లేచి పక్క కొట్టుకి పోయేది.