తొక్కితే దొరకని పిట్ట

పులి అంతరించిపోతోందంటే కళ్ల ముందు ఒక బొమ్మ మెదులుతుంది. తెల్లరెక్కల ఫ్లఫ్‌టెయిల్ అంటే ఏమీ మెదలదు. పిచ్చుకంత ఉండే ఈ పిట్ట ఇథియోపియా, దక్షిణాఫ్రికాల్లోని ఎత్తయిన ప్రాంతాల్లో, చిత్తడి గడ్డిలో బతుకుతుంది. ఎగరడం దానికి ఇష్టముండదు. గడ్డి మొదళ్ల మధ్య ఎలుకలా జారిపోతుంది. 1877లోనే శాస్త్రజ్ఞులు దీనికి పేరు పెట్టినా, దాని బతుకు మాత్రం గుట్టుగానే ఉండిపోయింది. ప్రపంచం మొత్తం మీద ఎదిగిన పిట్టలు 250 కంటే తక్కువేనని అంచనా. 2013లో దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చారు.

నన్ను ఆలోచనలో పడేసింది దాన్ని వెతికిన తీరు. ఏళ్ల తరబడి మనుషులు వరుస కట్టి గడ్డి తొక్కుకుంటూ వెళ్లేవారు. పిట్ట బెదిరి లేస్తే లెక్క రాసుకునేవారు. అది క్షణంపాటు తెల్లరెక్క చూపించి మళ్లీ గడ్డిలో దూరేది. తర్వాత దక్షిణాఫ్రికాలో డల్‌స్ట్రూమ్ దగ్గరి మిడ్డెల్‌పుంట్ చిత్తడినేలలో పరిశోధకులు కెమెరాలు అమర్చి పక్కకు తప్పుకున్నారు. 2018లో ఆ కెమెరాలకు పిల్లలు చిక్కాయి. ఈ పిట్ట ఇథియోపియాలోనే గూడు కడుతుందని, దక్షిణాఫ్రికాకు చుట్టపుచూపుగా వచ్చిపోతుందని అంతవరకూ నమ్మేవారు. దాని అసలు కూత ఏదో 2020లో గానీ తేలలేదు.

దూరంగా ఉండి చూడటం పరిశోధకులకు సాధ్యమే. ఆ గడ్డి మీదే బతికే రైతు ఏం చేయాలి? ఇథియోపియాలోని బెర్గాలో పిట్ట గూడు కట్టే గడ్డే పశువులకు మేత. వానాకాలంలో మందలు దిగితే గూళ్లు గిట్టల కింద పడతాయి. పశువుల్ని ఆపమని రాజధానిలో కూర్చుని చెప్పడం తేలికే. ఖాళీ కడుపుతో ఉన్న ఎద్దు ఆ మాట వినదు. బెర్గాలో స్థానికులే సంఘంగా ఏర్పడి ఆ నేల రక్షణకు ముందుకొచ్చారు. పిట్టను కాపాడే ప్రయత్నంలో భాగంగా ఊరికి బడి కూడా వచ్చింది. ఆ బడి లేకుండా ఈ పని సాగేదని నేననుకోను. ఎన్నడూ కనిపించని పిట్ట కోసం త్యాగం చేయమని అడిగేవారు, ఊరి వాళ్లకు కనిపించేదేదైనా ఇవ్వాలి కదా.

చిత్తడినేల ఎండితే పిట్టతోపాటు ఊరికీ నష్టమే. వాననీటిని స్పంజిలా పట్టి ఉంచి నెమ్మదిగా వదిలేది ఆ నేలే. ఆ పిట్టను ఒక్కసారైనా చూడాలని నాకూ ఉంది. అయితే నా కంట పడేందుకు అది బెదిరి లేవాలంటే మాత్రం, చూడకపోయినా ఫర్వాలేదు.