కవరు కబుర్లు

మా ఇంట్లో "అమ్మా" తర్వాత ఎక్కువసార్లు వినబడే మాట ఏదంటే "కవరు" అనే చెప్పాలి. ఇంగ్లీషు మాటే, కానీ మన వంటింట్లోకి వచ్చాక పుట్టిల్లు పూర్తిగా మర్చిపోయింది.

కూరగాయల బండి దగ్గర "బాబూ, ఒక కవరియ్యి" అంటే ప్లాస్టిక్ సంచి. ఇంగ్లీషు వాళ్ళ దగ్గర ఇలా అడిగితే తెల్లమొహం వేస్తారు, వాళ్ళకది బ్యాగు. పోస్టాఫీసులో కవరంటే ఉత్తరం పెట్టేది. పెళ్ళిలో కవరంటే పైన రూపాయి బిళ్ళ అంటించి ఉన్న చదివింపుల కవరు. జూన్ వచ్చిందంటే పిల్లల పుస్తకాలకు వేసే అట్టలు కూడా కవర్లే. దిండుకి కవరు, మిక్సీకి కవరు, ఫోనుకి కవరు.

మా నాయనమ్మ దిండు గలీబు అనేది. నాన్న పాత క్యాలెండరు కాగితాలతో పుస్తకాలకు అట్టలు వేసేవారు. సరుకులకి సంచి పట్టుకెళ్ళేవాళ్ళం. గలీబు, అట్ట, సంచి, తొడుగు, ముసుగు... ఇన్ని మాటల్ని ఈ ఒక్క మాటా పక్కకి జరిపేసి కూర్చుంది.

అందరిళ్ళలో ఉన్నట్టే మా ఇంట్లోనూ తలుపు వెనక కవర్లు దాచే కవరు ఒకటి వేలాడుతుంటుంది. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు వాడకూడదని కేంద్రం నిబంధన పెట్టింది. అయినా చేపల కొట్టువాడి దగ్గర పల్చటి కవరు ఇంకా కనబడుతూనే ఉంది. మా అత్తయ్య మాత్రం కాస్త దళసరి కవరు దొరికితే కడిగి, దండెం మీద ఆరేసి, మడత పెట్టి దాస్తుంది.

మా అమ్మాయి డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతోంది. ఈ మాట సంగతి ఒకరోజు అదే చెప్పింది. కర్ఫ్యూ అనే మాట పాత ఫ్రెంచిలో "నిప్పుని కప్పు" అనే మాట నుంచి వచ్చిందట. పూర్వం యూరప్ ఊళ్ళలో రాత్రి గంట కొడితే ఇళ్ళలో పొయ్యి మంట కప్పెట్టేయాలి, లేకపోతే ఇళ్ళు అంటుకుంటాయని భయం. కర్చీఫ్ అంటే "తలని కప్పేది". రెండింట్లోనూ ఉన్నది ఈ కవరేనట. అత్తయ్య విని, "మేమూ రాత్రి కుంపట్లో నిప్పుల మీద బూడిద కప్పేవాళ్ళంగా! అయితే మేమూ కర్ఫ్యూ పెట్టినట్టేనే" అంది. అందరం నవ్వుకున్నాం.

నవ్వు రాని కవరు కూడా ఒకటుంది. అది ఇన్సూరెన్సు వాళ్ళది.

పోయినేడాదికి అత్తయ్య మోకాళ్ళు బాగా అరిగిపోయాయి. రాత్రి బాత్రూముకి వెళ్ళాలన్నా గోడ పట్టుకుని, మధ్యలో ఆగి ఆగి వెళ్ళేది. ఎడమ మోకాలు మార్చక తప్పదన్నారు డాక్టరుగారు. పాలసీ ఉంది, కానీ మోకాలి మార్పిడికి వెయిటింగ్ పీరియడ్ ఇంకా రెండేళ్ళుంది. పాలసీ తీసుకున్నప్పుడే ఏజెంటు ఆ పేజీ తెరిచి చూపించాడు, దాచిందేమీ లేదు. నొప్పికి ఆ పేజీ తెలియదు, అంతే. "ఇది కవర్ అవదమ్మా" అని ఆసుపత్రి కౌంటర్లో అబ్బాయి మెల్లగానే చెప్పాడు. మావారు కుర్చీలో కూర్చుని అలా కాగితాలు చూస్తూ ఉండిపోయారు. అప్పటికే అమ్మాయి ఫీజుకి తెచ్చిన అప్పు ఒకటి నడుస్తోంది.

ఆ రాత్రి అత్తయ్య మెడలోని రెండు పేటల గొలుసు తీసి మావారి చేతిలో పెట్టింది. అది వాళ్ళ అమ్మ పెట్టింది. మావారు వద్దంటే, "గొలుసు నన్ను బాత్రూముకి తీసుకెళ్తుందట్రా?" అంది. ఇంకెవరూ మాట్లాడలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. కర్రతో మొదలుపెట్టి, మూడు నెలలకి కర్ర పక్కన పెట్టేసింది. తర్వాత దగ్గరివాళ్ళ పెళ్ళి వచ్చింది. బోసి మెడతో వెళ్తే పదిమంది పది మాటలంటారని చిలకలపూడి కవరింగ్ గొలుసు ఒకటి తెప్పించుకుంది. బందరు పక్కన చిలకలపూడి పేరు తెలియని తెలుగు ఆడవాళ్ళుంటారా! రాగి మీద సన్నటి బంగారు పూత, దూరం నుంచి చూస్తే ఎవరూ పోల్చుకోలేరు.

కానీ దగ్గర నుంచి చూసేవాళ్ళు ఉంటారు కదా. భోజనాల దగ్గర అత్తయ్య ఆడపడుచు గొలుసు చేత్తో పట్టుకుని మరీ చూసింది. "ఏం వదినా, కొత్తగా మెరుస్తోంది?" అంది. మావారు తల వంచుకున్నారు. "మెరుగు పెట్టించాం" అంది అత్తయ్య, చాలా మామూలుగా. మా అమ్మాయి నా చెవిలో, "నానమ్మ భలే కవర్ చేసిందమ్మా" అంది.

నిజమే. అయితే ఆవిడ కప్పింది తన మెడని కాదు, కొడుకు మొహాన్ని. అమ్మ గొలుసు అమ్మాడనే మాట ఆ పంక్తిలో ఎవరి నోటా రాకుండా చూసింది.

ఇంటికొచ్చాక మావారు వచ్చే ఏడాదికల్లా అలాంటి గొలుసే చేయిస్తానన్నారు. అత్తయ్య ఒప్పుకోలేదు. "ముందు పాలసీ డబ్బు గడువు దాటకుండా కట్టు. నాకు రెండో మోకాలు కూడా ఉంది" అంది. ఇప్పుడు ఏ నెలకానెల ఆ డబ్బు ఒక పోస్టు కవర్లో వేసి, బీరువాలో పట్టుచీర మడతలో పెడుతున్నాను. కవరు మీద అత్తయ్యే పెన్సిలుతో రాసింది, "కుడి కాలు" అని.