ఎప్పుడు బంద్ అయితది?

కోఠీ గుజరాతీ గల్లీలో ఆడియో సామాను అమ్మని షాపు వెతుక్కోవాల్సిందే. ఊఫర్ కోన్లు, యాంప్లిఫయర్ బోర్డులు, చుట్టలు చుట్టలుగా స్పీకర్ వైర్లు గుమ్మాల్లోంచి రోడ్డు మీదికి వేలాడుతుంటాయి. నేను చూడబోయిన షాపు మాత్రం కింద లేదు. ఇరుకు మెట్లెక్కి మొదటి అంతస్తుకు పోవాలి. బోర్డు లేదు. అక్కడ హోం థియేటర్ రిసీవర్లు తప్ప వేరేవి ముట్టుకోరు. అందులోనూ ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదు మీద వచ్చినవి: పాట మధ్యలోనో, సినిమా మధ్యలోనో వాటంతట అవే ఆగిపోతున్నాయి.

నాతో పాటు మా బావ వచ్చాడు. న్యూజెర్సీ నుంచి సామానంతా సర్దుకుని వచ్చేసినప్పుడు రిసీవర్‌ను కూడా తెచ్చుకున్నాడు. అదీ ఇప్పుడు అదే రోగంతో ఉంది. దాన్ని బల్ల మీద పెట్టగానే మెకానిక్ స్క్రూడ్రైవర్ అందుకుంటాడనుకున్నాను. అందుకోలేదు.

“ఎప్పుడు బంద్ అయితది సార్? ఆన్ చేయంగనేనా, సౌండు పెంచినంకనా, గంటసేపు ఆడినంకనా?”

“ఊరికే ఆగిపోతోంది అన్నా,” అన్నాడు బావ.

“ఊరికే అంటే నాకేం ఎర్కయితది? యాది చేసుకోండ్రి.”

బావ గుర్తు చేసుకుంటుండగా ఆయన అప్పటికే విప్పి ఉంచిన ఇంకో సెట్టు మీద పని మొదలుపెట్టాడు. అది స్విచ్ వేసిన రెండు మూడు సెకన్లకే ఆగిపోయే రకం. వెనక స్పీకర్ వైర్లన్నీ పీకేసి మళ్లీ ఆన్ చేశాడు. ఆయన ఏ సెట్టుకైనా చేసే మొదటి పరీక్ష ఇదేనట. వైర్లు పీకాక సెట్టు నిలబడితే రోగం బయట ఉన్నట్టు. వైరు చివర రాగి పోగు ఒక్కటి పక్క టెర్మినల్‌కు తగిలినా చాలు, సెట్టు షార్ట్ అనుకుని ఆగిపోతుంది. పీకినా ఆగిపోతే రోగం లోపలే. ఇది పీకినా ఆగిపోయింది. ఆన్ చేసిన కాసేపటికి రిలే ‘టిక్’మనాలి, అదీ వినిపించలేదు.

తర్వాత ఆయన చేసినది నాకు బాగా నచ్చింది. కరెంటు నేరుగా ఇవ్వకుండా 100 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెట్టి ఇచ్చాడు. లోపల షార్ట్ లేకపోతే బల్బు ఒక్క క్షణం మెరిసి మందగిస్తుంది. ఉంటే నిండుగా వెలుగుతుంది, కరెంటు భారమంతా బల్బే మోస్తుంది కాబట్టి బోర్డు కాలదు. ఈసారి నిండుగా వెలిగింది. ఎల్‌ఈడీలు వచ్చాక ఈ బల్బులు దొరకడం కష్టమైందని, దొరికినప్పుడల్లా కొని దాస్తున్నానని బల్ల కింద అట్టపెట్టె చూపించాడు.

ప్లగ్గు తీసి, పెద్ద కెపాసిటర్లలో మిగిలిన చార్జిని ఒక రెసిస్టరుతో దించాక మీటరు పట్టాడు. డయోడ్ రేంజిలో బాగున్న సిలికాన్ ట్రాన్సిస్టర్ 0.5, 0.6 దగ్గర చూపిస్తుంది. హీట్ సింక్ మీద వరుసగా చూసుకుంటూ పోతే ఒక చానెల్ దగ్గర మీటరు సున్నా చూపి కూత పెట్టింది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్. అంటే సప్లయిలోని డీసీ మొత్తం నేరుగా స్పీకర్ దారిలోకి వచ్చేస్తోంది. సెట్టులోని కాపలా సర్క్యూట్ దాన్ని పసిగట్టి, రిలే కలపకుండానే ఆపేస్తోంది.

“కాలినదొక్కటే మారిస్తే మళ్ల కాలుతది. జత మొత్తం మార్చాలె, ముంగట డ్రైవర్లు చూడాలె, ఎమిటర్ రెసిస్టర్లు చూడాలె.” ఆ రెసిస్టర్లు 0.22 ఓమ్‌ల చిన్న తెల్ల దిమ్మెలు. ట్రాన్సిస్టర్ పోయినప్పుడు తరచుగా అవీ వెంట పోతాయి. అసలు ఇబ్బంది సరైన ట్రాన్సిస్టర్లు దొరకడం. సి5200, ఎ1943 జతకు నకిలీలు బజారు నిండా ఉన్నాయి. పైన ముద్ర అచ్చం అసలుదే, లోపల సిలికాన్ ముక్క మాత్రం చిన్నది. సన్నగా పాడినంతసేపు పనిచేసి, సౌండు పెంచగానే పేలిపోతుంది. ఆయన ఒకదాన్ని పగలగొట్టి చూపించాడు, నిజంగానే గోరంత కూడా లేదు.

గోడవారన ఇంకో సెట్టు ఉంది. దాని గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఆయన గొంతు లేచింది. ఇదివరకు ఎవరో మెకానిక్ రోగం కనిపెట్టలేక ప్రొటెక్షన్ వైరు కత్తిరించి ఇచ్చేశాడట. సెట్టు ఆగకుండా ఆడింది, నిజమే. యాభై, అరవై వోల్టుల డీసీ పోయి పోయి రెండు స్పీకర్ల కాయిళ్లు మసయ్యాయి. సెట్టు రిపేరు కన్నా ఆ స్పీకర్ల ఖరీదే ఎక్కువ. “బంద్ అవుడు బీమారి కాదు సార్. బీమారి ఉన్నదని సెట్టు చెప్తున్నది. గా నోరు మూసిండు వాడు.” ఇంత తేలికగా డబ్బు సంపాదించే దారి ఉండి కూడా ఈయన ఆ పని చేయడు. అందుకే మెట్లెక్కి వచ్చేవాళ్లు తగ్గలేదనుకుంటాను.

గంట ఆడాక ఆగే సెట్ల సంగతి రెండు ముక్కల్లో తేల్చేశాడు: వేడి. అద్దాల తలుపుల టీవీ యూనిట్లో బిగించి, పైన సెట్‌టాప్ బాక్స్ పెట్టి, దాని మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పుతారు. బ్లోయర్‌తో దుమ్ము ఊది, పైన జానెడు జాగా వదలమని చెప్పి పంపిస్తాడు. నేనున్నప్పుడే ఒక ఫోన్ వచ్చింది. నిశ్శబ్దంగా వదిలేసిన కాసేపటికి, ఎర్ర లైటు మినుకు లేకుండా, మర్యాదగా ఆగిపోతోందట. “మెనూల ఆటో స్టాండ్‌బై తీసెయ్యండ్రి” అని ఫోన్ పెట్టేశాడు. టీవీ ఆపితే హెచ్‌డీఎంఐ తీగ గుండా రిసీవర్ కూడా ఆగే ఏర్పాటు ఇంకొకటి. ఈ రెండింటినీ రోగమనుకుని సెట్టు మోసుకొచ్చేవాళ్లు తక్కువేం కాదట.

యమహాలో చాలా మోడళ్లు చివరిసారి ఎందుకు ఆగాయో లోపల రాసి ఉంచుకుంటాయి. ముందు వైపున్న కొన్ని బటన్లు నొక్కిపట్టి ఆన్ చేస్తే డిస్‌ప్లే మీద చెబుతాయి: డీసీ వచ్చిందా, కరెంటు ఎక్కువైందా, వేడా, పవర్ సప్లయి జారిందా అని. షాపులో పనిచేసే కుర్రాడు రిపేరై పక్కన పెట్టిన ఒకదాని మీద చేసి చూపించాడు.

ఈలోగా బావకు గుర్తొచ్చింది. మాటలు, పాటలు బాగానే నడుస్తాయి. ఫైటు వచ్చినప్పుడు, అదీ సౌండు బాగా పెట్టినప్పుడు, బాసు కొట్టగానే ఆగిపోతుంది.

“ట్రాన్స్‌ఫార్మర్ ఏది?” అన్నాడు మెకానిక్. అమెరికా సెట్టుకు కావలసింది 120 వోల్టులు, 60 సైకిల్స్. మన గోడలో వచ్చేది 230, 50. మధ్యలో ఒక స్టెప్‌డౌన్ ఉండి తీరాలి. అదృష్టం కొద్దీ బావ దాన్ని కారులో పడేసుకొచ్చాడు. కుర్రాడు పోయి తెచ్చాడు. 500 వాట్లని రాసి ఉంది, ఒక్క చేత్తో ఊపుకుంటూ వచ్చాడు.

ఎనిమిది ఓమ్‌ల డమ్మీ లోడ్లు కట్టి, ఒక డ్రమ్ము ట్రాక్ పెట్టి, స్టెప్‌డౌన్ అవుట్‌పుట్ మీద మీటరు ఉంచాడు. ఖాళీగా ఉన్నప్పుడు 110. సౌండు పెంచుతూ పోతే ప్రతి దెబ్బకూ అంకె జారిపోతోంది. 90 దగ్గరకు రాగానే టిక్, సెట్టు ఆగింది. షాపులోని పెద్ద స్టెప్‌డౌన్ మీదికి మార్చి అదే ట్రాక్ అంతకన్నా గట్టిగా పెట్టాడు. ఆగలేదు.

మూత విప్పలేదు. సెట్టులో ఏ లోపమూ లేదు, దాని తిండి చాలలేదంతే. “మరి 120 వచ్చేది తీసుకుంటే ఇంకా మంచిదా?” అని బావ అడిగాడు. వద్దన్నాడు. 60 సైకిల్స్‌కు చేసిన లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద నడిస్తే దాని ఇనుప కోర్ మీద ఒత్తిడి ఎక్కువవుతుంది, పూర్తి వోల్టేజి ఇస్తే ఇంకా వేడెక్కి గుయ్యిమంటుంది. 110 చాలు, అది జారకుండా నిలబడాలి.

చెకింగ్ చార్జీ తీసుకుని, పాత బిల్లు వెనక రాసిచ్చాడు: 230 నుంచి 110, 1500 వీఏ, కాపర్ వైండింగ్. “ట్రూప్ బజార్‌ల దొర్కుతది. లేబుల్ చూడొద్దు సార్, లేపి చూడండ్రి. ఒక్క చేత్తోటి లేస్తే ఆడనే పెట్టి రాండ్రి.”