లాంబ్డానా, మెథడ్ రిఫరెన్సా?



జావా నేర్చుకుంటున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎక్కువగా అడుగుతున్నది ఇదే. రెండూ 2014లో జావా 8తో వచ్చాయి. లాంబ్డా రాయగానే, దాన్ని మెథడ్ రిఫరెన్స్‌గా మార్చుకోమని ఇంటెల్లిజే సలహా ఇస్తుంది. మనం సరే అనేస్తాం. ఇంటర్వ్యూలో "ఎందుకు మార్చావు?" అంటే మాత్రం నోరు పెగలదు. గురుకులాల్లో తెలుగు మీడియం చదివి వచ్చిన మనలో చాలామందికి కోడ్ రాయడం వచ్చు, దాన్ని చెప్పే దగ్గరే ఉద్యోగం చేజారిపోతోంది. అందుకే ఈ పొడుగు పోస్టు.

లిస్టులో పేర్లు ప్రింట్ చేయాలనుకోండి. లాంబ్డాలో అయితే:

పేరు -> సిస్టమ్.ఔట్.ప్రింట్‌ఎల్ఎన్(పేరు)

ఒక చేత్తో పేరు తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చేశాం, మధ్యలో మనం చేసిందేమీ లేదు. అలాంటి చోట సిస్టమ్.ఔట్::ప్రింట్‌ఎల్ఎన్ చాలు. (అన్నట్టు, జావాలో వేరియబుల్ పేర్లు నిజంగానే తెలుగు అక్షరాల్లో పెట్టొచ్చు. ఆఫీసులో మాత్రం వద్దు!)

మార్కులకు 5 కలపడం, 35 దాటాయా అని చూడడం లాంటి చిన్న పని ఏదైనా మధ్యలో ఉంటే లాంబ్డాయే మేలు. అదే నాలుగైదు లైన్లకు పెరిగితే, అర్థమయ్యే పేరుతో వేరే మెథడ్ రాసి, :: తో పిలవండి.

అసలు తేడా ఇక్కడుంది. క్లాసులో లీడర్ అనే ఫీల్డ్ ఉందనుకోండి. లీడర్::గెట్‌నేమ్ అని రాస్తే, ఆ లైన్ నడిచిన క్షణంలో లీడర్ ఎవరో వాళ్ళనే పట్టుకుంటుంది. తర్వాత లీడర్‌ని మార్చినా పాత పేరే ఇస్తుంది. () -> లీడర్.గెట్‌నేమ్() అని రాస్తే పిలిచిన ప్రతిసారీ కొత్తగా చూసుకుంటుంది. లీడర్ నల్ అయితే మెథడ్ రిఫరెన్స్ ఆ లైన్లోనే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ ఇచ్చేస్తుంది, లాంబ్డా మాత్రం పిలిచేదాకా చప్పుడు చేయదు. అంటే టూల్ చెప్పిందని కళ్ళు మూసుకుని మార్చేస్తే ప్రోగ్రామ్ పనితీరే మారిపోవచ్చు. :: కి ఎడమవైపు క్లాస్ పేరుంటే ఈ గొడవ లేదు, పట్టుకోవడానికి అక్కడ ఆబ్జెక్టే ఉండదు.

క్లాస్ పేరుతో వేరే చిక్కు ఉంది. నంబర్ల స్ట్రీమ్‌ని స్ట్రింగులుగా మార్చడానికి మ్యాప్‌లో ఇంటీజర్::టుస్ట్రింగ్ అని రాస్తే కంపైల్ కాదు. ఇంటీజర్‌లో ఆ పేరుతో స్టాటిక్ మెథడ్ ఉంది, మామూలు మెథడూ ఉంది. ఏది కావాలో కంపైలర్‌కి తేలదు. అక్కడ లాంబ్డా రాసుకోండి, లేదా స్ట్రింగ్::వాల్యూఆఫ్ వాడండి.

లీడర్ ఉదాహరణ పది లైన్లే. ల్యాప్‌టాప్ లేనివాళ్ళు కాలేజీ ల్యాబ్‌లో నడిపి, ఏ లైన్లో ఎందుకు ఆగిందో పక్కవాళ్ళకు నోటితో చెప్పండి. తెలుగులోనో, ఇంట్లో మాట్లాడే భాషలోనో ముందు చెప్పండి, ఇంగ్లీషు రెండోసారికి.